తవిటయ్య దింపు

దానికి మాటల్లేవు.
అందుకే గుణుపురంలో ఆ బాణీ ఏదని అడిగితే
ఎవరూ పేరు చెప్పరు, నోటితో వాయించి చూపిస్తారు.
పాం... పాం... పాం.
ఆ తర్వాత గుర్రాలు చెక్కవంతెన దాటినట్టు
డ్రమ్ములు.

ఆదివారం క్రికెట్టు మొదలవబోయే ముందు
గౌరాంగ మహాపాత్రో మందుల షాపులోంచి వినిపించేది,
చెక్క తలుపుల టీవీలోంచి.
లోపలి బెంచీ ఒడియా వాళ్లదీ కాదు, తెలుగు వాళ్లదీ కాదు,
మందు కొన్నవాడిది.
మిగతా జనం మెట్ల మీద, స్టాండేసిన సైకిళ్ల మీద.
దగ్గు లేనివాళ్లు కూడా
దగ్గు బిళ్లలు కొన్న రోజులవి.

పొట్నూరు తవిటయ్యకి ఆట తెలీదు.
"ఆ వొంగున్నోడు పొద్దున్నించీ ఏటి ఎతుకుతున్నాడ్రా?" అనేవాడు.
క్లారినెట్టు పెట్టె చంకలో ఇరికించుకుని
షాపుకి వీపు తిప్పి
చెవి ఒక్కదాన్నీ లోపలికి పంపించి నిలబడేవాడు.
అలా నాలుగు ఆదివారాలు.
అయిదో వారం సొండి వీధి మలుపులో, పెళ్లి ఊరేగింపులో,
పెట్రోమాక్సుల కింద
చెప్పాపెట్టకుండా ఎత్తుకున్నాడు.
ఇసాకు గొమాంగో సైడు డ్రమ్ము మీద గుర్రాల్ని వదిలేడు.
నేను తాళాలు. నాకు పద్నాలుగేళ్లు.
పెళ్లికొడుకు కారు దిగిపోయి
బాసికం ముక్కు మీదికి జారిపోతున్నా
లేని బ్యాటు ఊపుతూ నడిచేడు కల్యాణమండపం దాకా.

ఒక్కటే చిక్కు.
టీవీలో అదెప్పుడూ పూర్తవదు.
పైకి, ఇంకా పైకి ఎక్కి, ఇంక దిగాలి అనే చోట
సూటేసుకున్నవాడెవడో "నమస్కార్" అనేవాడు.
లేకపోతే సబ్బు బిళ్ల.
కరెంటు పోయిందా, సరేసరి.
మెట్టు మీద ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండిపోయేది మాకు.

నడివీధిలో మేళం అలా నిలబెట్టలేం కదా.
తవిటయ్య తనే ఒక దింపు కట్టేడు.
నౌపడ నుంచొచ్చే చిన్న రైలు
వంశధార పక్కన అలిసిపోయి కూసే కూత ఉంది అందులో.
ఇసాకు వాళ్ల చర్చిలో ఆఖర్న సాగదీసే
ఆమెన్ ఉంది.
నాకు మాత్రం
చీకటి పడ్డాక వాళ్లావిడ పిల్లల్ని ఇంటికి కేకేసినట్టుండేది.
పెద్దవాడి పేరు గట్టిగా, చిన్నదాని పేరు మెల్లగా.

తర్వాత టీవీ వాళ్లు బాణీ మార్చేసేరు.
చిన్న రైలు పట్టాలు పీకి పెద్దవి వేసేరు.
పెళ్లికి ట్రాక్టరంత పెట్టెలొచ్చేయి,
గుండెల మీద గుద్దేవి.
అయినా ప్రతి ఊరేగింపులోనూ తలనెరిసిన క్రికెట్టు పిచ్చోడొకడు
తవిటయ్య భుజం మీద పది రూపాయలు పెట్టి
"అది" అనేవాడు.
అంతే. అది.

తవిటయ్య పోయినరోజు
దింపుడు కళ్లెం దగ్గర
చెవిలో మూడుసార్లు పేరు పిలిచేరు.
ఇసాకు ఆ వెనకాల నిలబడి
సైకిలు సీటు మీద వేళ్లతో మూడు దెబ్బలు కొట్టేడు.
గుర్రాల్ని మాత్రం వదల్లేదు.
నేను చూసేను. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

మొన్న సంతలో
అల్లం అమ్మే సుకాంతి సబర మనవడు
ఫోనులో అసలు బాణీ దొరికిందన్నాడు, మొత్తం.
పన్నెండుమందిమి మూగేం, బస్సు వదులుకున్నవాడితో సహా.
పాం, పాం, పాం.
గుర్రాలు.
ఎక్కింది. ఎక్కింది.
సూటువాడు రాలేదు, సబ్బు రాలేదు.
ముప్పయ్యేళ్లుగా ఎత్తిన కాలు
ఇప్పుడు ఆనుతుంది కదా అని మేం ఊపిరి బిగబట్టుకుంటే
అది దిగలేదు.
సన్నగిల్లింది, ఇంకా సన్నగిల్లింది,
ఎవరో నిద్రపోతున్నారని తలుపు మెల్లగా దగ్గరికేసినట్టు
అయిపోయింది.

ఎవరూ మాట్లాడలేదు.
సుకాంతి తక్కెడలోంచి ఒక అల్లం కొమ్ము తీసి
మళ్లీ అక్కడే వేసి,
సగం సవర, సగం ఒడియా కలిసిన తన తెలుగులో అంది:
"సీ, ఇది తప్పు బాబూ.
నేర్సుకోనోడెవుడో వాయించీసినాడు."